ఎసరు పెట్టే చప్పుడు

మా అమ్మమ్మ ఇంట్లో గోడ గడియారం ఉండేది కాదు. దాని అవసరం పడలేదు. పగలు నీడ చూసుకునేవారు, రాత్రి కొండని వినేవారు.

బొడ్డవర స్టేషనుకి కూతవేటు దూరంలో ఉంటుంది ఆ ఊరు. శృంగవరపుకోట నుంచి అరకు వెళ్ళే దారిలో కొండ మొదలయ్యే చోటు. కొత్తవలసలో మెయిన్ లైనుని వదిలి ఎడమకి తిరిగిన రైలు కోట దాకా పొలాల్లో హాయిగా పరుగెత్తి, బొడ్డవర దాటాక ఘాటు ఎక్కుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, సిమిలిగుడ. చిన్నప్పుడు ఎక్కాలతో పాటు ఈ పేర్లు కూడా వరసగా అప్పజెప్పేవాళ్ళం. సిమిలిగుడ దగ్గర లైను ఎత్తు 996 మీటర్లు. బ్రాడ్‌గేజి రైలు మన దేశంలో అంతకంటే పైకి ఎక్కిన చోటు చాలా ఏళ్ళ పాటు మరొకటి లేదు. అక్కణ్ణుంచి అరకు, గోరాపూర్. గోరాపూర్ దాటితే ఒడిశా. కోరాపుట్, జయపురం మీదుగా పోయి పోయి బస్తర్ అడవిలో జగదల్‌పూర్, దంతెవాడ, బచేలీ, చిట్టచివర కిరండోల్. మూడు రాష్ట్రాలు, దాదాపు 450 కిలోమీటర్లు. మా నాన్న ఈ దారిలో గూడ్సు డ్రైవరు.

వాల్తేరులో క్వార్టరు దొరకని ఆ ఏడెనిమిదేళ్ళూ అమ్మా, నేనూ, చెల్లీ అమ్మమ్మ ఇంట్లోనే ఉన్నాం. నాన్న వారానికో పదిరోజులకో ఇంటికొచ్చేవాడు. మిగతా రోజుల్లో నాన్నంటే మాకు ఒక చప్పుడు.

డీజిలు ఇంజను కొండ ఎక్కేటప్పుడు చేసే చప్పుడు అందరికీ తెలుసు, గుక్క పట్టి మూలుగుతుంది. దిగేటప్పటి చప్పుడు వేరు. చక్రాల్ని తిప్పాల్సిన మోటార్లని అప్పుడు చక్రాలే తిప్పుతాయి. అలా పుట్టిన కరెంటుని ఇంజను లోపలి చట్రాల్లో వేడిగా మార్చి గాలికి వదిలేస్తారు. డైనమిక్ బ్రేకంటే అదే. ఆ వేడిని బయటికి ఊదే ఫ్యాను రొద ఒకటి ఉంటుంది చూశారూ, సన్నగా, ఎడతెగకుండా, దూరాన ఎవరో శంఖం ఊదుతూ ఊపిరి తీసుకోవడం మరిచిపోయినట్టు. వెనకాల ఇనపరాయి నింపిన పెట్టెల బరువు తోసుకొస్తుంటే, రెండో మూడో ఇంజన్లు కలిసి ఆ బరువుని ఆపుకుంటూ దిగేవి. శివలింగపురం పైన ఎక్కడో మొదలయ్యేది ఆ రొద. సొరంగంలోకి పోగానే ఆగిపోయేది, బయటికి రాగానే ఇంకాస్త దగ్గరగా వినిపించేది. మలుపు తిరిగితే సన్నబడేది, మళ్ళీ పెరిగేది.

"ఒలే, కొండ మోగతంది. ఎసరెట్టీయే" అనేది అమ్మమ్మ.

అమ్మ అప్పటికే లేచి ఉండేది. మొదటి రొదకి బియ్యం కడగాలి. సొరంగంలో మునిగి తేలిన రెండో రొదకి ఎసట్లో పొయ్యాలి. బండి చిట్టచివరి మలుపు తిరిగి, రొద తగ్గి, చక్రాల కిందనుంచి బ్రేకు దిమ్మల కీచు మొదలయ్యేసరికి గంజి వార్చేయాలి. వేడి వేడి అన్నం, పులుసు, ఊరగాయ ముక్క క్యారేజీలో సర్దితే చిన్న మావయ్య సైకిలు హ్యాండిలుకి తగిలించుకుని స్టేషనుకి పరిగెట్టేవాడు. ఘాటు దిగిన బండి బొడ్డవరలో కాసేపు ఆగేది. చక్రాలు కాలిపోతూ ఉండేవి, బ్రేకులు చూసుకోవాలి. ఆ కాసేపట్లో నాన్నకి అన్నం అందేది.

ఒక్కోసారి వచ్చిన బండి నాన్నది అయ్యేది కాదు. డ్యూటీలు మారిపోయేవి, ఎవరో సెలవు పెట్టేవారు, కోరాపుట్‌లో బండి నిలిచిపోయేది. అయినా మావయ్య క్యారేజీని వెనక్కి తెచ్చేవాడు కాదు, ఏ డ్రైవరు వస్తే ఆయనకే ఇచ్చేసేవాడు. అలా ఈ కొత్తవలస–కిరండోల్ లైను, అదే కె.కె. లైను, డ్రైవర్లలో చాలామంది మా అమ్మ చేతి అన్నం తిన్నారు. నాన్న పదవీ విరమణ చేసిన రోజున వాళ్ళలో ఒకాయన వచ్చి అమ్మకి నమస్కారం పెట్టి, "ఆ ములక్కాడల పులుసు ఇంకా గుర్తుందమ్మా" అన్నాడు. ఆయన పేరు అమ్మకి తెలీదు. ఆయన బండి చప్పుడు మాత్రం తెలిసే ఉంటుంది.

ఈ లైను ఎందుకు వేశారో నాన్న మాకు కథలా చెప్పేవాడు. బస్తర్‌లో బైలదిలా కొండలున్నాయి. ఎద్దు మూపురంలా ఉంటాయని వాటికా పేరు. ఆ మూపురం నిండా మేలిరకం ఇనప ఖనిజం. యుద్ధంలో చితికిపోయి లేచి నిలబడుతున్న జపానుకి ఉక్కు కావాలి, ఉక్కుకి ఇనుము కావాలి. మనకి విదేశీ డబ్బు కావాలి. 1960లో రెండు దేశాలకీ ఒప్పందం కుదిరింది. బైలదిలా నుంచి విశాఖ రేవు దాకా ఖనిజం దింపడానికి తూర్పు కనుమల్ని తొలిచి లైను వేశారు. దండకారణ్య, బోలంగీర్, కిరిబురు అనే మూడు పేర్ల మొదటి అక్షరాలతో డి.బి.కె. ప్రాజెక్టు అన్నారు. 1966–67 నాటికి బండి నడిచింది. మా ఊళ్ళో పెద్దవాళ్ళు చాలాకాలం దాన్ని డీబీకే రైలనే పిలిచారు. కొండ తొలిచేటప్పుడు ఘాట్లో పనికెళ్ళినవాళ్ళు ఊరి నిండా ఉండేవారు. మందుగుండు పేలుళ్ళకి చెవి పోయిన తాత ఒకాయన మా వీధిలోనే. సొరంగాల లెక్క ఆయన్ని అడగాలి. లైను మొత్తం మీద 58 అని అందరూ చెప్పుకుంటారు. ఆయన మాత్రం నేను తవ్వినవి నాలుగే, మిగతావి నాకు తెలీదనేవాడు.

ఇనపరాయి పెట్టెలు పైకప్పు లేనివి. గాలి వీస్తే ఎర్రటి దుమ్ము లేచేది. నాన్న చొక్కా మెడపట్టీ, చేతిరుమాలు, చెవి వెనకాల ముడతలు, అన్నీ ఎర్రగా ఉండేవి. అమ్మ నాన్న బట్టల్ని వేరే బకెట్లో నానబెట్టేది. ఆ నీళ్ళు పెరట్లో జామచెట్టు మొదట్లో పోసేది. చెట్టుకి ఇనుము మంచిదట. ఆ జామచెట్టు కాయలు లోపల ఎర్రగా ఉండేవి. ఆ రంగు నాన్న దుమ్ముదేనని చెల్లెలు పెద్దయ్యేదాకా నమ్మింది.

అలాంటి ఇంట్లోకి కరెంటు రైలు కబురొచ్చింది.

ముందు స్తంభాలొచ్చాయి. పట్టా పక్కన గుంతలు, సిమెంటు, ఇనప స్తంభాలు, వాటికి చేతులు. తరవాత తీగ. స్టేషన్లో, గేటు దగ్గర పుర్రె బొమ్మలతో బోర్డులు పెట్టారు. 25,000 వోల్టులు, అపాయం. గాలిపటాలు ఎగరెయ్యొద్దన్నారు, పొడుగాటి వెదుర్లు మోసుకుని పట్టా దాటొద్దన్నారు. రైల్వే గేటుకి రెండు వైపులా ఇనప తోరణాలు కట్టారు. వాటి కింద దూరని బండి తీగల కిందికి పోకూడదు. పంట రోజుల్లో గడ్డి ఎత్తుగా వేసుకొచ్చిన ఎడ్లబళ్ళు ఆ తోరణం దగ్గర ఆగి, పై వరస దింపి, గేటు దాటాక మళ్ళీ కట్టుకునేవి. దింపిన గడ్డిలో కొంత అక్కడే రాలిపోయేది. మా ఊరి ఆవులన్నీ సాయంత్రాలు అక్కడే.

నాన్న సంబరం చెప్పనలవి కాదు. ఆయన వయసు డ్రైవర్లు కొందరు భయపడ్డారు. డీజిలు ఇంజను చెడితే చేత్తో తాకి, వాసన చూసి, చెవి పెట్టి విని బాగుచేసుకోవచ్చు. కరెంటుని తాకలేరు కదా. నాన్నకి మాత్రం చదువు మధ్యలో ఆగిపోయిందన్న దిగులు చాలా ఏళ్ళుగా ఉంది. ట్రైనింగుకి పంపిస్తే స్కూలుకెళ్ళే పిల్లాడిలా వెళ్ళాడు. అట్ట వేసిన నోటు పుస్తకాల్లో సర్క్యూట్లు గీసుకొచ్చాడు. ఇంజను ఎక్కడ మొరాయిస్తే ఏ రిలే చూడాలో, ఏ మీట ఎటు తిప్పాలో చెప్పే లావాటి పుస్తకం ఒకటుంటుంది. టీఎస్‌డీ అంటారు. అమ్మ ముగ్గు వేసే సుద్దతో నడవలో ఇంజను బొమ్మ గీసి, తీగ మీంచి పాంటోలోకి, అక్కణ్ణుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి, మోటారుకి కరెంటు ఎలా వస్తుందో వేలితో చూపిస్తూ అప్పజెప్పేవాడు. ఎక్కడైనా తడబడితే చెల్లెలు పుస్తకం చూసి అందించేది. దానికప్పుడు ఎనిమిదేళ్ళు. అర్థం తెలీకపోయినా అక్షరాలు తెలుసు.

1980–82 మధ్యలో లైను పొడుగునా కరెంటు వచ్చేసింది. గమ్మత్తేమిటంటే, మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్ద లైనుకి మా వైపు ఇంకా తీగే లేదు. మెయిలూ, కోరమాండలూ డీజిలు పొగ వదులుతూ పోతుంటే, కొండల్లోకి పోయే మా ఇనపరాయి బండి మాత్రం కరెంటు మీద నడిచేది. వాల్తేరు నుంచి కిరండోల్ దాకా, చుట్టూ ఎక్కడా తీగ లేని చోట, అదొక్కటే దీవి. పెద్ద లైను తీగ విశాఖ చేరేసరికి తొంభైల ఆఖరు వచ్చింది. అన్నేళ్ళూ మా నాన్న ఆ దీవిలోనే తిరిగాడు.

మొదట్లో వచ్చినవి చిత్తరంజన్‌లో తయారైన డబ్ల్యూఏఎం-4 ఇంజన్లు. డీజిలు ఇంజను 2,600 గుర్రాల బలమైతే ఇవి 3,600 పైచిలుకు. నాచ్‌లు 32. నాన్న మీట జరుపుతుంటే లోపల ఒక్కో మెట్టూ టక్కు టక్కుమని ఎక్కేదని, ఆ టక్కులు లెక్కపెట్టుకుంటే మీటరు చూడక్కర్లేదని చెప్పేవాడు. డీజిలు పక్కన కూచుని కూచుని చెవులు బరువెక్కిన మనిషి, మొదటి వారం డ్యూటీ దిగొచ్చి, "త్యాడ దగ్గర పిట్టలు కూస్తాయే! ఇన్నాళ్ళూ తెలీలేదు" అన్నాడు అమ్మతో.

అమ్మ ఏమీ అనలేదు. ఆ వారంలో రెండుసార్లు నాన్నకి అన్నం అందలేదు.

కొండ మోగడం మానేసింది. కరెంటు బండి కూడా బ్రేకు పట్టినప్పుడు రొద చేస్తుంది, లేదని కాదు. కానీ అది బండి ఊరి పొలిమేరలోకి వచ్చాకగాని మాకు వినపడేది కాదు. అప్పుడు ఎసరు పెడితే అన్నం ఉడికేసరికి బండి కోట దాటిపోతుంది. ముందే వండి పెడితే చల్లారిపోతుంది. నాన్న చల్లారిన అన్నమైనా తినేవాడే. అమ్మకి మనసొప్పేది కాదు. రాత్రిపూట పెరట్లో నిలబడి కొండ వైపు చూడ్డం మొదలుపెట్టింది. ఒక మలుపు దగ్గర ఇంజను దీపం ఒక్క క్షణం కొండ చరియ మీద పడి మాయమయ్యేది. దాన్ని పట్టుకుంది. పొయ్యి అంటించడానికి ఆ వెలుగు గుర్తు. వానాకాలం మబ్బు దిగితే ఆ వెలుగూ కనపడదు. పగలైతే అసలే లేదు.

నాన్న ఒక ఉపాయం చేశాడు. సొరంగానికి ముందు హారను కొట్టాలని రూలు. బోర్డు ఉంటుంది, అక్కడ కొట్టి తీరాలి. బొడ్డవర వైపు దిగేటప్పుడు చివరి సొరంగం ముందు ఆ హారను కాస్త పొడుగ్గా కొట్టేవాడు. పట్టి, పట్టి, వదిలేవాడు. గాలి మా వైపు వీస్తుంటే వినపడేది, లేకపోతే లేదు. నెలకోసారైనా వినపడితే అమ్మ ఆ రోజంతా హుషారుగా ఉండేది.

డీజిలు వాసన పోయింది, పొగ పోయింది, డ్రైవర్ల చెవులు బతికాయి, బరువు లాగడం సులువైంది. కరెంటు ఇంజన్లు రావద్దని నాన్న ఒక్కనాడూ అనలేదు, నేనూ అనను. పోయిందల్లా కొండ నుంచి ఇంటికి వచ్చే ఆ కబురే. అది రైల్వే లెక్కల్లో ఎక్కడా లేని సరుకు.

నేను కాలేజీలో ఉండగా, 1987–88లో, ఇంకో రకం ఇంజన్లొచ్చాయి. స్వీడన్ నుంచి ఆరు, జపాన్ హిటాచీ నుంచి పన్నెండు. డబ్ల్యూఏజీ-6 అన్నారు. మొత్తం పద్ధెనిమిదీ వాల్తేరు షెడ్డుకే ఇచ్చారు, మా ఘాటు కోసమే. 6,000 గుర్రాల బలం. అప్పటికి మనవాళ్ళ ఇంజన్లలో అంత బలమైనది లేదు. నాచ్‌లు, టక్కులు లేవు. థైరిస్టర్లతో కరెంటుని నీళ్ళ కొళాయి తిప్పినట్టు కావలసినంత వదలొచ్చు. నాన్న మొదటిసారి జపాన్ ఇంజను నడిపి వచ్చిన రోజు అన్నం ముందు కూచుని ముద్ద నోట్లో పెట్టుకోకుండా దాని గురించే చెప్పాడు. అమ్మ విని విని, "మన కొండ రాయి పట్టుకెళ్ళి ఇంజను చేసి మనకే పంపారన్నమాట" అంది. నాన్న ఆ మాట షెడ్డులో అందరికీ చెప్పాడు.

ఇప్పుడు ఆ పద్ధెనిమిదీ లేవు. అంత తక్కువ ఇంజన్లకి విడిభాగాలు దొరకవు, ఎక్కడో స్వీడన్‌లో, జపాన్‌లో వాటిని చేయడం మానేశారు. ఒకదాని ఎముక తీసి ఇంకోదానికి అతుకుతూ కొన్నాళ్ళు లాగారు. నాన్న పదవీ విరమణ తరవాత కూడా షెడ్డు వైపు వెళ్ళి, ఇంకా ఎన్ని తిరుగుతున్నాయో అడిగి వచ్చేవాడు. ప్రతిసారీ అంకె తగ్గేది. చివరి అంకె వినడానికి ఆయన లేడు.

క్వార్టరు దొరికి వాల్తేరు వచ్చేశాక ఇంకో రకం చప్పుడు మాకు అలవాటైంది. అర్ధరాత్రి సైకిలు బెల్లు, తలుపు మీద తట్టడం. "డ్రైవరు గారూ, కాల్!" కాల్‌బాయ్ అంటారు గానీ అతను తలనెరిసిన మనిషి. చేతిలో లాంతరు, చంకలో సంతకం పెట్టించుకునే పుస్తకం. వానలో ఆ పుస్తకాన్ని కడుపుకి హత్తుకుని వచ్చేవాడు. అమ్మ అతనికి టీ ఇవ్వకుండా ఎన్నడూ పంపలేదు. నాన్న ఇనప పెట్టె, లైన్‌బాక్సు, అది ఇంకా నా దగ్గరుంది. పచ్చ రంగు మీద తెల్ల అక్షరాలతో పేరు, హోదా. లోపల ఎర్ర జెండా, పచ్చ జెండా, మంచులో పట్టా మీద కట్టే పటాసులు, స్పానర్లు, ఒక మూలన అమ్మ పెట్టిన మిరియాల పొడి సీసా. కాల్‌బాయ్‌ని సెల్‌ఫోను మింగేసింది. పెట్టెల బదులు చక్రాల సంచీలొచ్చాయి. డ్రైవరు లోకో పైలటయ్యాడు, 2022లో గార్డు ట్రైన్ మేనేజరయ్యాడు. వాల్తేరు స్టేషను 1987లోనే విశాఖపట్నమైంది. మిగిలిన వాల్తేరు డివిజను పేరు కూడా తీసేయాలని 2025 ఫిబ్రవరిలో నిర్ణయించారు. కొత్తవలస నుంచి బచేలీ దాకా మా కొండ లైనంతా కొత్త రాయగడ డివిజనుకి పోతుందన్నారు.

సరిహద్దు ఇలా జరగడం ఆ కొండలకి కొత్తేమీ కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేదాకా కోరాపుట్, జయపురం అన్నీ విశాఖపట్నం జిల్లాలోవే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి అండగా నిలిచిన విక్రమదేవ వర్మ జయపురం రాజే కదా. మాచ్‌ఖండ్ దగ్గర పుట్టే కరెంటుని 1955 నుంచి రెండు రాష్ట్రాలూ పంచుకుంటున్నాయి. కిరండోల్ ఉన్న చోటు నా చిన్నప్పుడు మధ్యప్రదేశ్, 2000 నవంబరు నుంచి ఛత్తీస్‌గఢ్. నాన్నకి సరిహద్దు తెలిసేది స్టేషను బోర్డు మీద అక్షరాల్ని బట్టే. గోరాపూర్ దాకా తెలుగు. దార్లిపుట్ నుంచి గుండ్రటి ఒడియా. జగదల్‌పూర్ చేరేసరికి హిందీ, ఇంగ్లీషు మాత్రమే. రన్నింగ్ రూముల్లో మూడు భాషల డ్రైవర్లూ ఒకే పొయ్యి మీద వంట చేసుకునేవారు. కోరాపుట్ అల్లం, బస్తర్ చింతపండు, అరకు పసుపు, అన్నీ మా వంటింట్లో ఒకే అలమరలో ఉండేవి.

బండి ఎక్కే జనం గురించి చెప్పకపోతే ఇదంతా అసంపూర్తి. నాన్న లాగింది రాయి. మనుషుల్ని లాగింది కిరండోల్ పాసింజరు. పొద్దున్న ఏడు లోపే వాల్తేరులో బయల్దేరి, ప్రతి చిన్న స్టేషన్లో ఆగుతూ, చీకటి పడ్డాక కిరండోల్ చేరేది. సెలవుల్లో నాన్న పాసుతో అరకు దాకా వెళ్ళేవాళ్ళం. కిటికీకి ఇనప కమ్మీలు, వాటి మధ్య మా మొహాలు. సొరంగం రాగానే పెట్టె మొత్తం ఒక్కటే గొంతుగా అరిచేది. ఆ అరుపు గోడలకి తగిలి మన మీదకే వచ్చి పడేది, తడి రాతి వాసనతో. అమ్మ వేళ్ళ కణుపుల మీద సొరంగాలు లెక్కపెట్టేది. బొర్రా దాటేసరికి నేనో చెల్లో ఏదో అడిగేవాళ్ళం, లెక్క తప్పేది. ఏ ఒక్క ప్రయాణంలోనూ అమ్మ లెక్క పూర్తి కాలేదు.

త్యాడ, చిమిడిపల్లి స్టేషన్లలో కొండ ఆడవాళ్ళు ఎక్కేవారు. నెత్తి మీద అడ్డాకుల కట్టలు, కొండ చీపుళ్ళు, పనసకాయలు, సీజన్లో సీతాఫలాలు. ముక్కుకి రెండువైపులా నత్తులు, మెడ నిండా పూసలు. సంతకి వెళ్ళి వచ్చేటప్పుడు ఉప్పు, కిరసనాయిలు, ఎండుచేపలు. బండి ఆగేది నిమిషమో రెండు నిమిషాలో. ఆ కాస్తలో కిటికీ కమ్మీల మధ్యనుంచి సీతాఫలాలు లోపలికీ, డబ్బులు బయటికీ. ఒకసారి బండి కదిలిపోయింది, అమ్మ చేతిలో చిల్లర మిగిలిపోయింది. కిందనుంచి ఆ మనిషి నవ్వుతూ చెయ్యూపింది. మరుసటి సెలవుల్లో అమ్మ అదే స్టేషన్లో తల బయటపెట్టి ఆమె కోసం చూసింది. కనపడలేదు. ఆ పది పైసలు కొంగు ముడిలో రెండేళ్ళున్నాయి. ఆఖరికి వేరే మనిషికిచ్చి, "మీ ఊరావిడదే, ఇచ్చీయమ్మా" అంది.

కిందటేడు అమ్మని అద్దాల పెట్టెలో తీసుకెళ్ళాను.

2017 ఏప్రిల్లో మన దేశంలో మొదటిసారి విస్టాడోమ్ పెట్టెని తగిలించింది మా కిరండోల్ పాసింజరుకే. పైకప్పు అద్దం, పక్కలన్నీ అద్దం, కావలసిన వైపుకి తిరిగే కుర్చీలు. చెన్నై పెరంబూరులో చేశారు. అమ్మకి ఎనభై దాటాయి, మోకాళ్ళు సహకరించవు. అయినా అరకు అనగానే ముందు రోజే సంచీ సర్దుకుంది. పెట్టె చల్లగా ఉంది. కొండ మునుపెన్నడూ చూడనంత కనిపిస్తోంది, తల ఎత్తితే కొమ్మలు, తల దించితే లోయ. కమ్మీలు లేవు. ఇంత విశాలంగా ఈ కొండని నేను చూడలేదు. నాన్న చూసుంటే ఎంత మురిసిపోయేవాడో!

బొడ్డవరలో అమ్మ అద్దం మీద చెయ్యి పెట్టింది. అమ్మమ్మ ఇల్లు ఇప్పుడు వేరేవాళ్ళది. లైను పక్కన మట్టి తవ్వి పోశారు, రెండో పట్టా పనులు. కొత్త సొరంగాల నోళ్ళు పాత వాటి పక్కన తెల్లటి సిమెంటుతో ఉన్నాయి. త్యాడలో ఇద్దరు ఆడవాళ్ళు బుట్టలతో మా పెట్టె పక్కనుంచే వెనక జనరల్ పెట్టెల వైపు పరిగెట్టారు. వాళ్ళలో ఒకామె లోపలికి చూసింది. అమ్మ అలవాటుగా కొంగు ముడి తడుముకుంది. మా మధ్య తెరుచుకునే కిటికీ లేదు.

సొరంగాల్లో పిల్లలు అరిచారు. అద్దం లోపలే అరిచి, లోపలే నవ్వుకున్నారు. అమ్మ వేళ్ళు కణుపుల మీద కదులుతూనే ఉన్నాయి.

చిమిడిపల్లిలో మా బండిని పక్క లైన్లో ఆపారు. పైనుంచి ఇనపరాయి బండి దిగుతోంది. ముందు రెండు కొత్త ఇంజన్లు, డబ్ల్యూఏజీ-9లు. వాటి గురించి అమ్మకి చెప్పాను. కొండ దిగేటప్పుడు పుట్టే కరెంటుని ఇవి వేడి చేసి గాలికి వదలవు, తిరిగి పైతీగలోకే పంపేస్తాయి. ఆ కరెంటుతో అదే తీగ కింద ఉన్న ఇంకో బండి కొండ ఎక్కుతుంది. రాయి దిగుతూ దిగుతూ ఖాళీ పెట్టెల్ని పైకి లాగుతుందన్నమాట. అమ్మ శ్రద్ధగా విన్నది. నాన్న నడవలో సుద్దతో బొమ్మ గీసినప్పుడు విన్నంత శ్రద్ధగా.

"అయితే ఆ రొద ఉండదా?" అంది.

"ఉండదమ్మా."

ఎర్ర దుమ్ము పట్టిన పెట్టెలు ఒకటొకటిగా మా అద్దం ముందు నుంచి జారిపోయాయి, దాదాపు చప్పుడు లేకుండా. చివరి పెట్టె కూడా దాటింది. మా బండికి ఇంకా సిగ్నలు పడలేదు. పెట్టెలో ఎవరో ఏసీ తగ్గించమన్నారు. ఒక్క నిమిషం అంతా నిశ్శబ్దం.

అప్పుడు కింద, సొరంగం ముందు, ఆ ఇంజను హారను కొట్టింది. అద్దాల్లోంచి సన్నగా, పట్టి, పట్టి, వదిలింది. రూలు ప్రకారం కొట్టిందే అయి ఉంటుంది.

అమ్మ తలెత్తింది. కణుపుల మీద బొటనవేలు ఆగిపోయింది.

"ఇంకో అరగంటలో దిగిపోతాది" అంది.